ఫొటో అసలుదే కావచ్చు, అందులో ఉన్నది దెయ్యమేనా?

కోనసీమ ఊళ్లలో, భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద తీసినవని చెప్పి వాట్సాప్‌లో తిరిగే దెయ్యం ఫొటోలకు దాదాపు ఒకటే పోలిక. రాత్రి వేళ, కాలవ గట్టు మీద రోడ్డు, పక్కన కొబ్బరి తోట. ఫోన్ ఫ్లాష్ వెలుగు ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ తెల్లగా, పొడుగ్గా, నడుము కింద ఏమీ లేనట్టు ఒక ఆకారం. ఫొటో గ్రూపులో పడగానే ఊరు రెండు వర్గాలైపోతుంది. ఒకరు నిజమంటారు, ఇంకొకరు ఫొటోషాప్ అంటారు. ఎంత గట్టిగా వాదించుకున్నా ఈ రెండు వర్గాలూ ఒక మాట మీద మాత్రం కలిసే ఉంటాయి: ఫొటోలో ఎవరూ చెయ్యి పెట్టలేదని తేలితే అందులో ఉన్నది దెయ్యమే అని. చిక్కంతా ఇక్కడే ఉంది.

అడగాల్సినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఈ ఫొటోని ఎవరైనా మార్చారా అన్నది ఒకటి. మార్చకపోతే, ఆ క్షణంలో లెన్సు ముందు ఏముంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు "లేదు" అని జవాబు వచ్చినంత మాత్రాన రెండో ప్రశ్నకు "దెయ్యం" అనే జవాబు వచ్చేయదు. ఎవరూ మోసం చేయకుండా, ఏ దెయ్యమూ లేకుండా పుట్టే ఫొటోలు బోలెడు. వాదనలో వాటికి చోటే దొరకదు.

చోటు దొరకకపోవడానికి కారణం టెక్నాలజీ కంటే మర్యాద అనిపిస్తుంది. "ఆయ్, మా బావ అబద్ధం ఆడే మనిషి కాదండి" అని ఒకరు అన్నాక, ఫొటోని అనుమానించడమంటే ఆ బావని అనుమానించినట్టే అవుతుంది. ఎదుటివాళ్లు మొహమాటానికి ఊరుకుంటారు, లేదంటే మాటా మాటా పెరుగుతుంది. నిజానికి ఆ బావ నూటికి నూరుపాళ్లు నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆయన చూసిందీ, తీసిందీ, భయపడిందీ అన్నీ నిజమే కావచ్చు. ఆయన నిజాయితీ మొదటి ప్రశ్నకు సాక్ష్యం, రెండోదానికి కాదు.

ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో క్వీన్స్ హౌస్ అనే పాత భవనం ఉంది. 1966లో కెనడా నుంచి వచ్చిన ఒక విశ్రాంత మతాచార్యుడు అక్కడి మెలికల మెట్లకు ఫొటో తీశాడు. మెట్ల మీద ఎవరూ లేరనే ఆయన, ఆయన భార్య అనుకున్నారు. ఇంటికెళ్లి రీలు కడిగించాక చూస్తే, ముసుగు వేసుకున్నట్టున్న ఒక ఆకారం రెయిలింగు పట్టుకుని పైకి ఎగబాకుతోంది. కొడాక్ నిపుణులు నెగటివ్‌ని పరిశీలించి ఎవరూ మార్చలేదని చెప్పారు. అంటే మొదటి ప్రశ్న తేలిపోయింది. కానీ ఆ ఫొటోకి షట్టరు నాలుగు నుంచి ఆరు సెకన్ల దాకా తెరుచుకుని ఉంది. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు గబగబా మెట్లెక్కితే ఫిల్మ్ మీద మనిషి పడడు, మనిషి తాలూకు తెల్లటి పొర పడుతుంది. అన్నిటికంటే నమ్మదగ్గ వివరణగా దీన్నే చెబుతారు. తీసినవారి మంచితనానికి ఇక్కడ మచ్చేమీ రాలేదు.

ఇప్పటి ఫోన్లలో నైట్ మోడ్ చేసేది ఇదే పని. చీకట్లో బటన్ నొక్కితే ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక ఫొటోగా ఇస్తుంది. ఒక్కోసారి దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ లోపల ఎవరైనా అడ్డంగా నడిచిపోతే, కొన్ని ఫ్రేముల్లో ఉండి కొన్నింట్లో లేకపోవడం వల్ల వాళ్ల ఒంట్లోంచి వెనకున్న చెట్టు కనిపించవచ్చు. ఇందులో ఎడిటింగ్ లేదు, మోసం లేదు.

పైగా గోదావరి డెల్టా అంటేనే రాత్రిపూట కెమెరాని తికమకపెట్టే నేల. ముందుగా అనుమానించాల్సింది తేమని. కాలవలు, వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న చోట రాత్రి గాలిలో తరచూ సన్నటి నీటి తుంపరలుంటాయి. ధనుర్మాసంలో మంచు దిగితే ఇక చెప్పక్కర్లేదు. ఫోన్‌లో ఫ్లాష్ లెన్సుకి వేలెడు దూరంలో ఉంటుంది కాబట్టి, లెన్సు ముందు జానెడు దూరంలో ఉన్న తుంపర మీద పడిన వెలుగు నేరుగా వెనక్కి వచ్చి లెన్సులో పడుతుంది. అంత దగ్గరగా ఉన్నదానికి ఫోకస్ అందదు, అందుకే అది గుండ్రటి వెలుగు బిళ్లలా ఉబ్బుతుంది. "ఆత్మలు" అని ఎర్ర బాణం గుర్తు పెట్టి పంపే గోళాలు చాలావరకు ఇవే. తొలకరి పడిన రాత్రి ఉసిళ్లు లేచినప్పుడు తీస్తే అవే గోళాలకు రెక్కలు, తోకలు కూడా వస్తాయి.

ఇక ఆ తెల్లటి పొర సంగతి. సందెవేళ గేదెల పాకల దగ్గర దోమలకు పొగ వేస్తారు. గాలి ఆడని తేమ రాత్రుల్లో ఆ పొగ పైకి లేవదు, మనిషెత్తున పరుచుకుని నెమ్మదిగా గట్టు దాకా జారుతుంది. మామూలు కంటికి అది కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, ఫ్లాష్ పడితే తెల్లగా గడ్డకట్టినట్టు వస్తుంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగేటప్పుడు లేచే తుంపర కూడా ఫ్లడ్ లైటు వెలుగులో అలాగే కనిపిస్తుంది. ఫోన్ రోజంతా చొక్కా జేబులోనే ఉంటుంది కాబట్టి లెన్సు మీద చెమట, కొబ్బరినూనె వేలిముద్ర ఉండనే ఉంటాయి. దూరాన వీధి దీపం ఒక్కటుంటే చాలు, ఆ జిడ్డు దాన్ని నిలువుగా సాగదీసి తెల్ల చీరలా చేసేస్తుంది.

నడుము కింద ఏమీ లేని ఆకారం ఇంతకంటే తేలిక. ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది. ఫోన్ ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటితే నీరసపడిపోతుంది. ఆ అంచున నిలబడినవాటిలో తెల్లవి మాత్రమే వెనక్కి వెలుగునిస్తాయి, ముదురువి చీకట్లో కలిసిపోతాయి. తెల్ల బనీను, ముదురు రంగు లుంగీ వేసుకుని, చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుని చెరువు కాపలాకు తిరిగే మనిషిని ఈ దూరంలో నిలబెట్టి ఫొటో తీసి చూడండి. బనీను వస్తుంది, తువ్వాలు వస్తుంది. కాళ్లు రావు, మొహం రాదు. దెయ్యానికి కాళ్లు నేల మీద ఆనవని చిన్నప్పటి నుంచి విన్న మనకు మిగతా కథ ఎవరూ చెప్పక్కర్లేదు.

తెల్ల గుడ్లగూబని కూడా మర్చిపోకూడదు. చేలో ఎలుకల కోసం రాత్రిపూట చప్పుడు లేకుండా ఎగిరే ఈ పక్షి కడుపు భాగం తెల్లగా ఉంటుంది, మొహం బల్లపరుపుగా, గుండె ఆకారంలో ఉంటుంది. అది ఫ్లాష్‌కి అడ్డం పడితే గాలిలో తేలే తల ఒకటి వచ్చినట్టే ఉంటుంది.

ఫొటోలో ఎక్కడైనా దీపం ఉండి, ఇంకో చోట వింత వెలుగు కనిపిస్తే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఫొటో సరిగ్గా మధ్యన ఒక చుక్క పెట్టి, దీపం నుంచి ఆ చుక్క మీదుగా గీత గీయాలి. వింత వెలుగు అదే గీత మీద, మధ్య నుంచి దాదాపు అంతే దూరంలో అవతలి పక్క ఉంటే అది లెన్సు లోపలి గాజు బిళ్లల మధ్య ప్రతిఫలించిన దీపమే. చాలాసార్లు తలకిందులుగా కూడా ఉంటుంది. గ్యాస్ బావుల దగ్గర మంట ఫ్రేములో పడితే ఈ వెలుగు నారింజ రంగులో వచ్చి మరీ భయపెడుతుంది. దీన్నే కొరివి దెయ్యం అనేవాళ్లూ ఉన్నారు. మడ అడవుల పక్క ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే కొరివి దెయ్యం వేరే విషయం. కుళ్లిన ఆకుల నుంచి పుట్టే మీథేన్‌తో దాన్ని ముడిపెడతారు. ఆ వాయువు తనంతట తాను ఎలా అంటుకుంటుందన్నది ఇంకా చర్చలో ఉన్న ప్రశ్న. అది తేలనిదని చెప్పి లెన్సులో పడ్డ దీపాన్ని దాని ఖాతాలో వేయడం మాత్రం కుదరదు.

ఇంతవరకూ కెమెరా సంగతి. కంటి సంగతి ఇంకా లోతైనది. అంజనం వేయడం తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. తమలపాకు మీదో బొటనవేలి గోరు మీదో కాటుక పూసి, చిన్నపిల్లాడిని కూర్చోబెట్టి అందులోకి చూడమంటారు. కాసేపటికి మంత్రగాడు అడుగుతాడు: ఎవరైనా కనిపిస్తున్నారా, మగా ఆడా, చేతిలో ఏముంది. ప్రతి ప్రశ్నతో కాటుకలోని మెరుపుకి ఒక అవయవం వస్తుంది. పిల్లాడు అబద్ధం చెప్పడు, అతనికి నిజంగానే కనిపిస్తుంది. ఫొటో మీద ఎర్ర సున్నా చుట్టి, "జాగ్రత్తగా చూడండి, జుట్టు విరబోసుకుని ఉంది" అని రాసి పంపేవారు చేస్తున్నది ఆ మంత్రగాడి పనే. మచ్చల్లో, మరకల్లో మొహాలు వెతుక్కోవడం మనిషి మెదడుకి పుట్టుకతో వచ్చిన గుణం. రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు, మొహమైపోతుంది. సున్నా, రాత రెండూ తీసేసి, కథ వినని పదిమందికి ఆ ఫొటో ఇచ్చి ఏం కనిపిస్తోందని అడిగితే ఎంత బలమైన ఫొటోనో అక్కడే తేలిపోతుంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

ఆకారానికి పేరు పెట్టడం దీని తర్వాతి మెట్టు. రేవులో మునిగిపోయిన అమ్మాయి అనో, లాకుల దగ్గర పోయిన ఫలానా వాళ్ల కోడలు అనో ఎవరో ఒకరు గుర్తుపడతారు. అమెరికాలో అంతర్యుద్ధం రోజుల్లో బోస్టన్ నగరంలో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫరు ఆత్మల ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. కొడుకులని, భర్తల్ని పోగొట్టుకున్నవారు వచ్చి కూర్చునేవారు, వాళ్ల భుజం వెనక మసకగా ఇంకో మొహం వచ్చేది. "మావాడే" అని కన్నీళ్లు పెట్టుకున్నవారు చాలామంది. ఆ ఆత్మల్లో కొందరు అదే ఊళ్లో నిక్షేపంగా బతికే ఉన్నారని తర్వాత బయటపడింది. దుఃఖంలో ఉన్న కంటికి పోలిక కాస్త దొరికితే చాలు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్ల చేత గుర్తుపట్టించి దాన్ని రుజువుగా వాడుకోవడం తప్పు.

మన దగ్గర పోయినవారి ఫొటో తయారీ పాత విద్యే. పెద్దాయన పోయాక ఇంట్లో విడి ఫొటో లేకపోతే, ఏదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ఆయన్ని విడదీసి, చొక్కా సరిచేసి, వెనక నీలం రంగు వేసి, దండకి సిద్ధంగా ఫ్రేము కట్టించి ఇచ్చే స్టూడియోలు ప్రతి చిన్న టౌనులోనూ ఉండేవి. టచింగ్ చేసేవారి చేతి పని అంత నున్నగా ఉండేది. ఇప్పుడు కూతురి పెళ్లి ఫొటోలో పోయిన నాన్నని పక్కన నిలబెట్టి ఆశీర్వదిస్తున్నట్టు చేసిస్తున్నారు. అక్కడ మోసం లేదు, ఏం చేయించుకుంటున్నారో ఆ ఇంటివాళ్లకు తెలుసు. అదే పనితనంతో, అదే గోడ మీది ఫొటోని మసకబరిచి గట్టు మీద నిలబెడితే దెయ్యం ఫొటో అవుతుంది. అందువల్ల ఆకారం అచ్చం ఫలానా మనిషిలా స్పష్టంగా ఉంటే నమ్మకం పెరగకూడదు, అనుమానం పెరగాలి. ఆ మనిషి పాత ఫొటోలు తీసి చూడాలి. తల వంపు, దండ కింద చొక్కా మడత, వెలుగు పడిన వైపు కలిశాయంటే ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయినట్టే.

ఇంగ్లండ్‌లో వెమ్ అనే ఊరి ఉదంతం ఇలాగే తేలింది. 1995లో అక్కడి టౌన్ హాలు తగలబడుతుంటే తీసిన ఫొటోలో, మంటల మధ్య గుమ్మంలో పాతకాలపు బట్టలు వేసుకున్న ఒక చిన్నపిల్ల కనిపించింది. 1677లో అదే ఊరు తగలబడటానికి జేన్ చర్మ్ అనే పిల్ల చేతిలోని కొవ్వొత్తి కారణమని అక్కడ చెప్పుకుంటారు. ఇంకేం, ఆ పిల్లే ఈ పిల్ల అన్నారు. నెగటివ్ చూసిన ఒక పేరున్న నిపుణుడు దాన్ని ఎవరూ మార్చలేదని, పొగా వెలుగూ కలిసి అలా కనిపించి ఉంటాయని అన్నాడు. పదిహేనేళ్ల తర్వాత 2010లో, స్థానిక పత్రికలో వేసిన 1922 నాటి పోస్టుకార్డులో ఒక పాఠకుడికి అదే పిల్ల కనిపించింది. అదే టోపీ, అదే గౌను, అదే నిలబడ్డ తీరు. ఈ ఉదంతం ఆ నిపుణుడికే కాదు, నమ్మనివారికి కూడా ఒక హెచ్చరిక. "పొగ అయ్యుంటుంది" అని తేల్చేయడం కూడా ఊహే. పోస్టుకార్డు దొరికేదాకా ఎవరూ రుజువు చేయలేదు.

ఈ మాట గట్టిగానే చెప్పాలి. నాలుగు ఊళ్లు తిరిగొచ్చిన వాట్సాప్ ఫొటోని చూసి "ఇది ఫొటోషాప్" అని తీర్పు చెప్పేవారికీ, "ఇది దెయ్యం" అనేవారికీ చేతిలో ఉన్న ఆధారం ఒకటే: సున్నా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, అంచులు చెదురుతాయి, ఎప్పుడు ఏ ఫోన్‌తో ఎంత సేపు షట్టరు తెరిచి తీశారన్న సమాచారం పోతుంది. రంగు రంగుల మచ్చలతో "ఇక్కడ అతికించారు" అని చూపించే వెబ్‌సైట్లు కూడా ఇలా పదిసార్లు నలిగిన ఫొటో మీద నమ్మదగ్గ జవాబు ఇవ్వలేవు. అసలు ఫైలు కావాలి. తీసిన మనిషి ఫోన్‌లోంచే, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించుకోవాలి. దానికి ముందూ వెనకా తీసిన ఫొటోలు కూడా అడగాలి. దెయ్యాన్ని చూసి ఒక్క ఫొటోతో ఆగిపోయేవారు తక్కువ, మిగతావి డిలీట్ చేశామంటే ఎందుకు చేశారో అడగడం తప్పు కాదు. ఐఫోన్‌లో లైవ్ ఫొటో ఆన్‌లో ఉంటే బటన్ నొక్కడానికి ముందు 1.5 సెకన్లు, తర్వాత 1.5 సెకన్లు కదిలే బొమ్మగా ఉండిపోతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటుంది. ఫొటోలో నిలబడ్డ దెయ్యం ఆ మూడు సెకన్లలో ఊగే కొబ్బరి మట్ట అని తేలితే తగువే ఉండదు.

అసలు కాపీ చేతిలో ఉండటం ఎంత ముఖ్యమో 1922లోనే తేలింది. విలియం హోప్ అనే ఆంగ్లేయుడు ఆత్మల ఫొటోలకు పేరుపడ్డాడు. హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు ఫిల్మ్‌కి బదులు అప్పట్లో వాడే గాజు ప్లేట్లకు ఎక్స్‌రేతో రహస్యంగా గుర్తు వేయించి, వాటిని తీసుకెళ్లి వాటి మీద ఫొటో తీయమన్నాడు. వచ్చిన ఫొటోలో ఆత్మ ఉంది, గుర్తు లేదు. అంటే మధ్యలో ప్లేటు మార్చేశారు. అంత తేటతెల్లంగా దొరికినా, షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కోనన్ డాయిల్ హోప్‌ని సమర్థిస్తూనే వచ్చాడు. చదువు, తెలివి ఇక్కడ కాపాడలేవని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అసలు ఫైలు దొరికినా ఇప్పుడు ఒక కొత్త తలనొప్పి ఉంది. కెమెరా కూడా తనంతట తాను బొమ్మని దిద్దుతోంది. 2023లో శాంసంగ్ ఫోన్ల చంద్రుడి ఫొటోల మీద పెద్ద గొడవ జరిగింది. కావాలని మసకబరిచిన చంద్రుడి బొమ్మని కంప్యూటరు తెర మీద పెట్టి ఫోన్‌తో తీస్తే, ఆ మసక బొమ్మలో లేని మచ్చలు, గోతులు ఫొటోలో స్పష్టంగా వచ్చాయి. చంద్రుడిని గుర్తుపట్టి వివరాలు మెరుగుపరిచే ఏఐ ఉందని కంపెనీ వివరణ ఇచ్చింది. చంద్రుడికి మచ్చలు దిద్దగలిగిన సాఫ్ట్‌వేరు చీకట్లో ఒక మరకని మొహం అనుకుంటే దానికి కళ్లూ ముక్కూ కాస్త పదును పెట్టడంలో ఆశ్చర్యం లేదు. తీసిన మనిషి ఏమీ ముట్టుకోలేదు, ఫోన్ ముట్టుకుంది. ఇక పూర్తిగా ఏఐతో చేయించిన బొమ్మల విషయానికొస్తే, వేళ్లు లెక్కపెట్టి పట్టుకునే రోజులు పోయాయి. అక్కడ ఫొటో కంటే అది ఎవరి దగ్గర మొదలైందో వెతకడమే దారి.

"సరే, మోసమైతే ఎలా చేశారో చూపించండి" అనే సవాలు ప్రతి చర్చలోనూ వస్తుంది. మమ్లర్ మీద 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు నడిచింది. తర్వాత సర్కస్‌తో పేరుపడ్డ పి.టి. బార్నమ్ సైతం అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆత్మల ఫొటోలు ఎన్ని రకాలుగా తయారు చేయవచ్చో ఫొటోగ్రాఫర్లు కోర్టుకి వివరించారు. అయినా వాటిలో మమ్లర్ వాడింది ఏదో రుజువు కాక వదిలేశారు. కోర్టు చేసింది న్యాయమే, రుజువు లేకుండా మనిషిని శిక్షించకూడదు. కానీ మమ్లర్ విడుదల అయినంత మాత్రాన ఆత్మలకు రుజువు దొరికినట్టు కాదు. ఒక ఫొటో ఎలా వచ్చిందో చెప్పలేకపోతే "తేలలేదు" అని రాసి పక్కన పెట్టవచ్చు. అది ఓడిపోవడం కాదు.

తేల్చాలనుకున్నవారు మాత్రం అదే చోటికి, అదే వేళకి, అదే ఫోన్‌తో వెళ్లాలి. ఎక్కడ నిలబడి తీశారో అక్కడే నిలబడాలి. మంచు పడే రోజుల్లో తీసిందైతే మంచు పడే రోజే వెళ్లాలి. లెన్సు తుడిచి ఒకటి, తుడవకుండా ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీయాలి. ఆ దూరంలో ఏముందో పగలు వెళ్లి చూడాలి: దిష్టిబొమ్మ, చెరువు చుట్టూ కట్టిన వల, ఎండిన మట్ట, ఎరువు బస్తా. చెరువుల మీద ఇప్పుడు సీసీ కెమెరాలు కూడా ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి రికార్డింగు అడగవచ్చు. అయితే వాటిలో రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలుగుంటుంది, లెన్సు దగ్గర గూడు కట్టిన సాలీడు అందులో తెల్లగా పెద్దగా వచ్చి గట్టు దాటుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఒక్క కెమెరా సాక్ష్యం అక్కడా చాలదు.

లెన్సు మీది జిడ్డు, దగ్గరి తుంపర, గాజులో ప్రతిఫలించిన దీపం, సాలీడు, సాఫ్ట్‌వేరు దిద్దుబాటు ఇవన్నీ ఒక కెమెరాకే పరిమితం. నిజంగా గట్టు మీద ఏదైనా నిలబడి ఉంటే, వేర్వేరు చోట్ల ఉన్న రెండు కెమెరాల్లో, ఒకే క్షణంలో, ఆ రెండు కోణాలకు తగ్గట్టుగా పడాలి. రెండు ఫొటోల నుంచి గీతలు గీస్తే నేల మీద ఒకే చోట కలవాలి. గ్రీనిచ్ ఫొటో, వెమ్ ఫొటో, హోప్, మమ్లర్ తీసినవి అన్నీ ఒక్క కెమెరా ఫొటోలే. ప్రతి చేతిలో ఒక ఫోనూ, ప్రతి గట్టు మీద ఒక కెమెరా ఉన్న ఈ రోజుల్లో దెయ్యం ఫొటో చూపించేవారిని ముందుగా అడగాల్సింది ఆ రెండో ఫొటోనే.